తొందరపెట్టే మీట

కెమి రేవులో ముప్పైరెండేళ్లు
మంచు పగలగొట్టే ఓడ నడిపాడు తౌనో.
ఇప్పుడు వంటగదిలో, చల్లారిన కాఫీ పక్కన,
తెర మీద ఒక నది గడ్డకట్టి ఉంది.
ఒడ్డున పడవ. పడవలో బొమ్మమనిషి.

ఆటంతా అంతే: మంచు కరగాలి.
అక్కడి రోజు ఇక్కడి రోజంత పొడుగు.

మొదటి వారం మీటలన్నీ నొక్కి చూశాడు.
గొడ్డలి దొరుకుతుందేమోనని
బొమ్మ చేత గుడిసె మూలమూలా వెతికించాడు.
దొరికింది ఒక చీపురు.

ఇప్పుడు పొద్దున్నే పడవ మీది మంచు ఊడ్పించి
కాసేపు కూర్చోబెడతాడు. తనూ కూర్చుంటాడు.

నిన్న తెరలోంచి టప్పుమని చిన్న చప్పుడు.
చెవి మిషన్ సరిచేసుకున్నాడు.
బీట పడిందా, చుక్క రాలిందా?

కిటికీ అవతల సముద్రం మీద
ఎవరో కుర్రాళ్లు నడిపే ఓడ
విరగ్గొట్టుకుంటూ పోతోంది.
ష్, అన్నాడు తౌనో
దాన్ని.