సుంకపు చావిడి

బేసిన్ బ్రిడ్జి దాటాక ఆటోవాడు రానన్నాడు.
కాలువ వాసన ముందు నడిచింది, మేం వెనక.

చెన్నపట్నంలో ఎవరికీ అక్కర్లేని కట్టడాలు వెతకడం
మా ఆదివారాల జబ్బు.
కుయిలి చేతిలో టేపు, నా చేతిలో టార్చి.
చావిడికి కప్పు సగమే నిలిచింది,
కూలిన సగం మీద తుమ్మ మొలిచింది.
లోపల రెండు మేకలు, తక్కెడ లేని కొక్కెం,
ఎవరో ఆరేసిన స్కూలు యూనిఫాం.

"ఎన్న వేణుం?" అంది సెల్వనాయకి
చేపల బుట్ట దించకుండానే.
చూసి పోతామన్నాం.
చూడ్డానికేముందని నవ్వింది.

గోడ పెచ్చులు రాలుతోంది.
కుయిలి తడిగుడ్డ అద్దింది, పసిబిడ్డ మొహం తుడిచినట్టు.
మేకుతో గీసిన గీతలు నల్లగా తేలాయి.
తెలుగు!
పులికాట్ దాటి తెరచాపలతో వచ్చినవాళ్ల లెక్కలు.
దుగ్గిలి పోలయ్య, ఉప్పు, బస్తాలు...
ఆవుల రమణప్ప, సరుగుడు కట్టెలు, బండ్లు...

"మీ భాషే కదా, చదువు."

అక్షరాలు చదివాను. అంకెల దగ్గర ఆగిపోయాను.
సున్నా ఒక్కటే ఎరుగుదును.
మిగతావాటిలో కొడవలిలా ఒకటి, నత్తలా ఒకటి,
తోక తెగిన బల్లిలా ఇంకొకటి.
ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పినవాణ్ణి,
నా భాషలో ఏడు ఎలా ఉంటుందో తెలీదు.

"పదకొండడుగుల మూడంగుళాలు," కుయిలి గోడ కొలిచింది.
రాసుకున్నాను, ఇంగ్లీషు అంకెల్లో.

అడుగున, మేకలు ఒరుసుకుని నునుపెక్కిన చోట
ఆఖరి వరస:
కోటప్ప. బాకీ.
పక్కనే అంకె, చెక్కు చెదరకుండా.

ఎంతో
తెలియలేదు.