దిష్టి నిమ్మకాయ

నాలుగేళ్లుగా నిమ్మకాయలు తోలుతున్నా,
బండి ముందర ఒక్క కాయా కట్టలేదు.
వెనకాల బస్తాల కొద్దీ ఉండగా
ముందర ఇంకోటెందుకని నా ఎగతాళి.
మొన్న రాపూరులో, తెల్లవారుజామున నాలుగింటికి,
దబ్బనంతో పచ్చిమిరపకాయలు గుచ్చి
మధ్యలోకి మచ్చలేని కాయనొకదాన్ని ఏరి కట్టాను.
మా అత్త చూసింది. ఏమీ అనలేదు.
నవ్వుని మాత్రం కొంగులో దాచుకుంది.

పాపకి నలభై మూడు రోజులు.
పేరు ఇంకా లేదు.
పెంచలకోనలో పెడదాం, ఎండ తగ్గనీ, అంటుంది మా అమ్మ.
అందాకా కార్డు మీద రాసిందే పేరు:
బేబీ ఆఫ్ వసుంధర.

వసుంధర బండెక్కింది.
ఒక కాలు. ఆగి, ఇంకో కాలు.
కుట్లని ఒళ్లింకా మర్చిపోలేదు.
చెవుల్లో దూది, తలకి తువ్వాలు.
"ఈ ఎండల్లో చూసినోళ్లు నవ్వరా అత్తా?" అంటే
"నవ్వేవోళ్లని పురుడు పోసుకోమను" అంది.
ఒళ్లో దిండు, దిండు మీద పాత చీర మడత,
మడతలో గుప్పెడు ముఖం.

పొదలకూరు దాకా ఆ రోడ్డు నాకు కంఠతా వచ్చు.
ఆ పొద్దు మాత్రం ప్రతి గుంతా కొత్తగా పుట్టింది.
ఎదురు లారీ హారన్ కొడితే పళ్లు నూరాను.
నేను రోజూ కొట్టే హారనే అది.
వసుంధర నా వైపు చూసి
"ఇదేంది, ఎద్దులబండా?" అంది.
కండలేరు మీదుగా వెలుగు రావడం
ముగ్గురిలో ఇద్దరమే చూశాం.

బుధవారం టీకాలు.
నర్సు "బేబీ ఆఫ్ వసుంధరా" అని పిలిస్తే
ఇద్దరం ఒక్కసారే లేచి తలలు కొట్టుకున్నాం.
తొడకి సూది.
ఏడ్చే ముందు నోరు తెరిచి
ఊపిరి బిగబట్టింది చూడండి,
ఆ కాసేపూ పైన ఫ్యాను కూడా ఆగిందనుకున్నా.
నిజంగానే ఆగింది. కరెంటు పోయింది.

రాత్రి జ్వరం.
తడిగుడ్డ, విసనకర్ర, చీర ఉయ్యాల,
మళ్లీ తడిగుడ్డ.
మూడింటప్పుడు వసుంధర గోడకానుకుని
"ఏడుపొస్తా ఉంది, ఎందుకో తెలీడం లా" అంది.
నాకూ తెలీలేదు.
పొద్దున కొనుక్కొచ్చిన ముంజలున్నాయి.
బాలింత తినకూడదంట, జలుబు చేస్తుందంట.
అమ్మ నిద్రపోతోంది.
ఒకటి ఒలిచి చేతిలో పెట్టాను.
నీళ్లు మోచేతి దాకా కారుతుంటే
చీకట్లో, చప్పుడు చెయ్యకుండా తిని
"ఇంకోటి?" అంది.

ఆదివారం నెల్లూరులో లోడు దించాక
బండిని అట్నుంచి అట్టే మైపాడు తిప్పాను.
ఖాళీ బస్తాల వాసన, ఉప్పుగాలి,
చక్రాల కింద ఇసుక నలిగే చప్పుడు.
పాపకి సముద్రం చూపిద్దామని
ఎత్తుకుని నీళ్ల దాకా నడిచాను.
పాప నిద్రపోయింది.
నొసటి మీద కాటుక చుక్క కరిగి కనుబొమ్మలోకి జారింది.
ఇంత నీళ్లు ముందర పెట్టుకుని
పెదాలు మాత్రం పాల కోసం కదుపుతోంది.

వెనక్కి తిరిగి చూశాను.
వసుంధర తువ్వాలు విప్పింది.
ఒక చెవిలోంచి దూది తీసింది,
రెండో చెవిలోంచి తీసింది,
రెండుండలూ కొంగున ముడేసుకుని
కళ్లు మూసుకుని నిలబడింది.
నలభై ఎనిమిది రోజులకి
బయట లోకం ఆమె చెవిన పడుతోంది.
నేను పిలవలేదు.
అల వచ్చి చీర అంచు తడిపి పోయింది.
"మీ అమ్మకి చెప్పబాకు" అంది.

తిరుగు దారిలో ఆమె చెయ్యి నా గేరు చేతి మీద.
పాప లేచింది, నా వేళ్లని వాసన చూసి తుమ్మింది.
ఎంత సబ్బేసినా పోదమ్మా,
నీ పాలడబ్బా కూడా ఈ వాసనే వేస్తుంది రేపు.

ముందర కట్టిన కాయ
ఎండకి గోధుమరంగు తిరిగి ముడుచుకుంది.
మార్చాలి.
మంగళవారం గూడూరు లోడుంది.
రేటు కొంచెం పడిందంట.