పర్లాకిమిడిలో పది రూపాయలు

మహేంద్రతనయ దాటితే
రాష్ట్రం మారుతుంది, నోటు మారదనుకున్నాను.
పర్లాకిమిడి బస్టాండు వెనక దుకాణంలో
ఉప్మా, ఘుగుని, రెండు టీలు.
గ్లాసు కింద పది మడిచిపెట్టి లేచాను.
పాతపట్నంలోనైతే
సర్వరు కళ్ళు ముందే దాన్ని చూసేసేవి.

మళ్ళీ మంగళవారం
ఉద్ధబ్ గొమాంగో లెక్క చెప్పాడు: ముప్పై.
నలభై కదా?
"మొన్న పది ఒగ్గేసి ఎల్లిపోనారు గదా బాబూ."

అది నీకే, అన్నాను.
"నాకెందుకు? జీతం ఇస్తన్నారు గదా."
కోపం లేదు, వినయమూ లేదు,
బల్ల తుడుస్తూ అన్నాడు.
ఆ తడిగుడ్డ
నా పెద్దమనిషితనం మీంచి కూడా పోయింది.

వానలు పట్టాక ఒకరోజు
మందుల చీటీ తెచ్చాడు.
టెక్కలి ఆసుపత్రిది, పెళ్ళానిది, తెలుగు రాత.
పొద్దున ఒకటి, రాత్రి సగం, తిన్నాక.
రెండుసార్లు చదివించుకుని
వేళ్ళ కణుపుల మీద దాచుకున్నాడు.

లేవబోతుంటే గ్లాసు పక్కన పది రూపాయలు.
నావి కావు.
"సదివినారు గదా."

నాకూ జీతమిస్తారు, అనబోయాను.
చదివినందుకు కాదు గదా.
బయట బస్సు హారను కొడుతోంది.
నోటుకి అతని చేతి తడి
ఇంకా ఆరలేదు.