రంగు జరిగిన దీవి

గాంధీ రోడ్డు వెనక సందులో మా ప్రెస్సు.
నీలం ఆరినాక పసుపు
వెంట్రుకవాసి పక్కకు జరిగింది.

ఒక దీవి పరాయి దేశమైపోయింది.

భూతద్దంతో పట్టుకున్నది నేనే.
"ఆవగింజంత దానికి ఇంత యాగీనా, మేడమ్?"
మిషను మునిరత్నం తల గోక్కున్నాడు.
ఆ ఆవగింజ చుట్టే
యుద్ధనౌకలు తిరుగుతున్నాయి నాయనా.

మూడువేల అట్లాసులు తూకానికేసినాం.

వారం తర్వాత అలిపిరిలో
ఉడికిన చెనిక్కాయల పొట్లం విప్పితే
అదే సముద్రం, తడిసి.
నీలం నా వేళ్లకంటింది.
దీవి మీద ఉప్పు.

ఆడ ఎవురుంటారని అడిగింది చెంగమ్మ.
పక్షులు, అన్నాను. తాగడానికి నీళ్లు కూడా లేవంట.

"మరి తగువెందుకు?"

చిల్లర లేదని
ఇంకో గుప్పెడు కాయలు పోసింది,
సరిగ్గా సరిహద్దు మీద.