ముద్ర

ఎనిమిది వారాల వర్క్‌షాపు అనుభవం,
సంస్థ ముద్రతో సహా,
అంటుంది ఫారం, ఆరో పేజీలో.

ఆనెట్ వ్యూన్షె తన రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.
ఎడమ చూపుడువేలికి గోరు లేదు.
"పందొమ్మిదేళ్లు," అంది. "మిల్లింగు మెషీను మీద.
ఫ్యాక్టరీయే లేదిప్పుడు. ముద్ర ఎవర్ని అడగను?"

నవంబరులో కెమ్నిట్స్‌కు నాలుగింటికే చీకటి.
కిటికీ అవతల ట్రామ్ మలుపు తిరిగినప్పుడల్లా
తీగ మీద ఒక నీలి రవ్వ.
మెకానికల్ మాస్టర్స్ దరఖాస్తులకు
మూడో నంబరు కౌంటరులో
ఇరవై రెండేళ్లుగా నేను.
అడ్డంగా ఉండటమే నా ఉద్యోగం.
గడపా చేసేది అదే, కాకపోతే
దానికి జీతమివ్వరు.

మా దగ్గర మనిషిని క్రెడిట్లతో తూస్తాం.
కావలసినవి రెండొందల పది.
ఆమె పళ్లెంలో నూట ఎనభై:
పగలు షిఫ్టు దిగి, చేతుల జిడ్డు ఇసుక సబ్బుతో రుద్దుకుని,
సాయంత్రపు కాలేజీలో ఏడేళ్ల పాటు
రాళ్లలోంచి బియ్యం ఏరినట్టు ఏరుకున్నవి.
గణితం మూడు భాగాలూ ఉంది.
పదార్థాల బలం ఉంది, మంచి మార్కులతో.
థర్మోడైనమిక్స్ సగమే.
ఫ్లూయిడ్ మెకానిక్స్ ఊసే లేదు.

దారులు రెండున్నాయని చెప్పాను,
ఇంతకుముందు వెయ్యిమందికి చెప్పిన గొంతుతోనే.
బాకీ ఉన్న సబ్జెక్టులు ముందే కట్టేసి
వచ్చే ఏడాది రావడం ఒకటి.
షరతుతో చేరి, మొదటి రెండు సెమిస్టర్లలో
పాత అప్పుతో పాటు కొత్తదీ మోయడం ఇంకొకటి.
రెండోదాన్లో చాలామంది నడుం విరుచుకుంటారు.
ఆ మాట కరపత్రంలో ఉండదు.

"ఏ శాఖ?" అని అడిగాను.
వాహనాలు, టర్బైన్లు, పదార్థాలు, ఉత్పత్తి,
వేళ్ల మీద లెక్కపెడుతుంటే మధ్యలో ఆపింది.

"కట్టర్ విరగబోతోందని
నాకు మూడు ముక్కల ముందే తెలిసేది.
చెవికి. శబ్దంలో ఒక... పుల్లటిదేదో.
ఫోర్‌మన్ నవ్వేవాడు. నాలుగో ముక్కకి విరిగేది.
నాకు తెలుసు. ఎలా తెలుసో తెలీదు.
అది ఏ శాఖలో చెబుతారు?"

ఇరవై రెండేళ్లలో
ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. నా పట్టికలో దానికి గడి లేదు.
యంత్ర కంపనాలు, అన్నాను చివరికి,
ఉత్పత్తి శాఖ కింద, రెండో సెమిస్టర్‌లో.
రాసుకుంది.

వెనక నిలబడ్డ కుర్రాడు ఖాంగ్.
వాళ్ల తాతను ఒకప్పుడు ఇక్కడి మగ్గాల మిల్లు
హైఫాంగ్ నుంచి పిలిపించుకుంది.
అతనికి రెండొందల పదీ నిండాయి.
లేనివల్లా ఆ ఎనిమిది వారాలే.
ఆమె గోరులేని వేలికేసి
అదేపనిగా చూస్తున్నాడు.

అప్పుడామె సంచిలోంచి
గుడ్డలో చుట్టిన పళ్లచక్రం తీసింది.
అరచేయంత. పక్కన చిన్న పంచి గుర్తు: 47.
"తనిఖీ చేసిన ప్రతిదాని మీదా కొట్టేదాన్ని.
నా దగ్గరున్న ముద్ర ఇదే."

ఇనుము ఫైల్లో ఇమడదు, రూలు రూలే,
అని నోటి దాకా వచ్చింది.
లేచి వెళ్లి దాన్ని జిరాక్సు అద్దం మీద బోర్లించాను.
వెలుగు ఒకసారి కింద నుంచి పాకింది.
కాగితం మీద నల్లటి పళ్లు, మధ్యలో సున్నా,
అంచున 47.
ఆరో పేజీకి పిన్ను కొట్టాను.

కమిటీ ఏమనుకుందో నాకు తెలీదు.
జనవరిలో ఉత్తరం వెళ్లింది: షరతులతో,
మూడు సబ్జెక్టులు, రెండు సెమిస్టర్లు.
జిరాక్సు కాపీ మీద ఎవరో ప్రొఫెసరు
ఒక పన్ను చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి
"ఇక్కడ అరుగుదల ఎందుకు?" అని రాశాడు.

అద్దం మీద మాత్రం గీత పడింది.
వెంట్రుకంత.
అప్పట్నుంచి మా ఆఫీసు దాటే ప్రతి కాపీ మీదా,
ఎవరిదైనా సరే, కుడి అంచున అది ఉంటుంది.
అద్దం మార్పించమని రెండుసార్లు నోటీసొచ్చింది.
రేపు చూస్తానన్నాను.