తూము ఈగ

మొదట నుసి అనుకున్నాను.
చెయ్యి ఆనిస్తే లేచింది,
జానెడు ఎగిరి మళ్ళీ అదే గోడకి అంటుకుంది,
ఎగరడం ఇంకా పూర్తిగా రానట్టు.

బెల్లం మీద వాలేదానికున్న ఆరాటం దీనికి లేదు.
అరటిగెల చుట్టూ ముసిరే చిన్నవాటిలా
కళ్ళు ఎర్రగా లేవు.
రెక్కలు సర్దుకుని కూచుంటే
నువ్వుగింజంత తమలపాకు, బూడిద రంగుది,
ఒళ్ళంతా నూగు.
వేలితో నొక్కితే నెత్తురు రాలేదు,
పలక తుడిచినట్టు
ఒక పొడి మరక.

పాలకొల్లులో ఈ వాటాలో దిగి మూడోవారం.
"దోమపిల్లండి" అన్నాడు పాలబ్బాయి.
"ముసురుకి పుడతాయి, ఎండకి పోతాయి"
అంది ఇంటిగలావిడ పల్లాలమ్మ గారు.
ప్లంబరు గనిరాజు ఏ పేరూ పెట్టలేదు.
చెవి మీది పెన్సిలు తీసి తూముకేసి చూపించాడు.
"ఎవరన్నది తర్వాతండి,
ముందు ఎక్కడుంటందో తేల్చండి.
రాత్రి తూముకి టేపు అంటించండి,
జిగురు కిందకి."

అంటించాను.
రాత్రంతా వాన, కొబ్బరిమట్టల చప్పుడు.
ఉచ్చు పెట్టినవాడికి నిద్రెక్కడిది.
తెల్లారి టేపు తిప్పితే
పదకొండు,
పైకి వస్తూ వస్తూ ఆగిపోయినవి.

గనిరాజు జాలీ ఎత్తి, తీగ వంచి లోపలికి దించి
మెల్లగా లాగాడు.
జుట్టు, సబ్బు, సున్నిపిండి,
మాకు ముందు అద్దెకున్నవాళ్ళ పసుపు,
అన్నీ కలిసి జీడిలా సాగే నల్లటి పాకుడు.
అందులో దారప్పోగుల్లాంటి పిల్లలు,
తోకకొన పైకెత్తి ఊపిరి తీస్తూ.
"ఇదండి వీళ్ళ ఊరు."

నాకెందుకో డాబా మీంచి కనిపించే చేలు గుర్తొచ్చాయి.
ఎక్కడెక్కడి కొండల్నో కడిగిన నీళ్ళు
ఇంతదూరం మోసుకొచ్చి, సముద్రం ఇంక రెండంగలుందనగా
దించేసిన మట్టి.
దాని మీద వరి, దాని మీద రైసుమిల్లు,
బస్టాండు, రొయ్యల చెరువులు,
నెలకి నాలుగువేల అయిదొందల ఈ వాటా.
గోదారి తూములో పేరుకున్నదాని మీద
మేమందరం.
గనిరాజుతో అనలేదు.

"మరిగిన నీళ్ళొక్కటే చాలవండి, గోకాలి."
గోకాం. పాకుడంతా ఊడొచ్చింది.
పది రోజులకి
అద్దం మూల ఒకటే మిగిలింది.
పళ్ళు తోముకుంటూ నేను దాన్ని చూస్తాను,
అదేం చూస్తుందో తెలీదు.

నిన్న గ్యాసు పుస్తకం ఇక్కడికి మార్పించుకోడానికి వెళ్తే
గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు,
"ఎక్కడుంటారు?"

పేరు తర్వాత అడిగాడు.