యాభై నాలుగు కిలోలు

తుర్కు పట్నంలో డిసెంబరు పొద్దు
తొమ్మిదిన్నరకి లేచి మూడున్నరలోపే ముడుచుకుంటుంది.
నాకది కనబడదు.
కిటికీల్లేని గదిలో మడి కట్టుకుని ఉంటాను.
మూడు తలుపులు, మూడుసార్లు బట్టలు మార్చడం,
రెండు జతల గ్లవ్స్.
ఉంగరం ఇంట్లో, కాటుక ఇంట్లో.
దగ్గొస్తే సెలవు.

మొదటిరోజు పెట్టెలో సంచి వచ్చింది.
లింగన్‌బెర్రీ జాము నీళ్లలో కలిపిన రంగు.
పేరుండదు. పన్నెండంకెల వరస, పుట్టిన ఏడాది, బరువు.
అరవై ఒకటిలో పుట్టుక. అరవై రెండు కిలోలు.
బరువెందుకంటే మోతాదు కిలోల లెక్కన కట్టాలి.
ఇంకేమీ చెప్పరు.
మేమూ అడగం.

అయస్కాంతం పక్కనుంచి జారనిచ్చాం.
బియ్యంలో రాళ్లేరడానికి ఇది తిరగేసిన పని,
ఏరినవే మనకి కావాలి.

పేపర్లవాళ్లు వీటిని సైనికులంటారు.
ఇంత ఆకలున్న సైన్యాన్ని ఏ రాజూ మేపలేడు.
నా కంటికి నిద్రమొహం పిల్లలు,
చిన్నగా, గుండ్రంగా, ఏ పనికీ వంగనట్టు.
సన్నపూసలు తగిలించి లేపితే
ఒళ్లు విరుచుకుని లావెక్కి
ఒకదాన్నొకటి పట్టుకుని గుత్తులవుతాయి.
అప్పుడు కోరలు పీకిన వైరస్ చేతికిచ్చి
చీటీ పంపిస్తాం:
ఫలానా మొహం కనబడితే వదలొద్దని.

నాలుగోరోజు లెక్క.
నీలిరంగు చుక్క వేస్తే
చచ్చినవి తాగేస్తాయి, బతికినవి వద్దంటాయి.
బతకడమంటే
కొన్నిటిని గడప దాటనివ్వకపోవడం.
ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నాకబ్బిన వేదాంతం ఇంతే.
నూటికి తొంభై ఒకటి, అని హెల్కా రాసుకుంది.

ఆరోరోజు ఆస్పత్రి నుంచి ఫోను.
బరువు దిద్దుకోండి. యాభై ఎనిమిది.

తొట్టి ఊగుతూనే ఉంది, రాత్రీ పగలూ,
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంలో.
చక్కెరెంత మిగిలిందో చూసి ఆకలి కనిపెట్టాలి.
ఆదివారం మేపడం నా వంతు.
ఈస్టు ఒక్క కణం దూరితే చాలు, అంతా మురుక్కాలవలోకే.
అందుకే మా అమ్మిచ్చిన రైరొట్టె పులుపు
నౌవో దీవిలో చెల్లెలికిచ్చేశాను.
నలభై ఏళ్లుగా చావని పిండి.
అక్కడ బాగానే పొంగుతోందట.
రొట్టె కాల్చని చేతులు నావి ఇప్పుడు,
సబ్బు వాసన తప్ప ఇంకేదీ రాదు.

తొమ్మిదోరోజు ఇంకో ఫోను.
యాభై నాలుగు.

ఎక్కడో మంచం మీద తరగడం,
ఇక్కడ సంచిలో రెట్టింపై మళ్లీ రెట్టింపవడం.
రెండూ ఒక్క మనిషివే.
ఆడో మగో తెలియదు. మా భాషలో ఇద్దరికీ ఒకటే మాట,
ఆ చిక్కు తప్పింది.
కానీ నా చేతిలో ఉన్నది ఒకరా,
మూడువందల కోట్ల మందా?
ఏ ఫారంలోనూ దానికి గడి లేదు.

హెల్కా కాలిక్యులేటర్ నొక్కి చూసింది.
"మోతాదు తగ్గింది, పని తేలికైంది" అంది.
అన్నాక
కాసేపు గ్లవ్స్ సర్దుకుంటూ నిలబడింది.

పన్నెండోరోజు
అయస్కాంతంతో పూసలు లాగేసి,
కడిగి, సంచుల్లో నింపి గడ్డకట్టించాం.
తెల్లటి పొగలు కక్కే ఉక్కుకూజాలో పెట్టి
వ్యాన్ డ్రైవరు ఆర్వోకి అప్పగించాం.
మంచు పడుతోంది, కువోపియో దాకా రోడ్డంతా.
"నెమ్మదిగా పోనీ" అన్నాను.
"గాజుబొమ్మలా?" అన్నాడు.
"కాదు, ప్రయాణికుడు."

తర్వాత ఏమైందో మాదాకా రాదు.
ఒక్క సీసా మాత్రం సాక్ష్యంగా మా తొట్టిలో ఉంది,
మైనస్ నూట తొంభైలో,
ఆకలి లేకుండా.

మార్చిలో ఒక శనివారం
కొట్లో బంగాళాదుంపలు తూచుకుంటున్నాను.
నా ముందు నిలబడ్డ మనిషి
కోటు భుజాల దగ్గర వదులుగా వేలాడుతోంది.
పొట్లం కాటా మీద పెట్టి,
తీసి,
ఇంకో రెండు దుంపలు వేసి మళ్లీ పెట్టారు.
ఎవరో. ఎవరైనా కావచ్చు.
నేను అడగలేదు.
కాటా అంకె ఆగేదాకా
ఊపిరి మాత్రం బిగబట్టాను.